విజయవాడ నుంచి మోసుకొచ్చిన సరుకు

మంచం, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న క్యారవాన్ మావారు కొన్నప్పటి నుంచి, ఏ ఊరెళ్లినా మాకు గుడికన్నా ముందు సెప్టిక్ ట్యాంకు కావాలి. బండి కింద ట్యాంకు నిండితే ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి కదా! భూపాలపల్లి వెళ్తూ కొడకండ్ల దగ్గర ఒక ఇంటిముందు ఆగి, వాకిట్లో కూర్చున్న అవ్వకు సంగతి చెప్పాం.

"ఏడికెళ్లి మోసుకొస్తున్నరు?" అంది.

"విజయవాడ నుంచండీ," అన్నారు మావారు గర్వంగా.

"గంత దూరంకెళ్లా! మేము చెంబు వట్టుకొని చెల్కలకు పోయిన దినాలల్ల గూడ ఆడ్నే ఇడిసొచ్చినం గని, ఎంట తెచ్చుకోలే."

అయినా కాదనలేదు. గేటు పక్కనున్న మరుగుదొడ్డి వెనక గుంత మూత తీయించింది. మావారు గ్లౌజులు తొడిగి, వీడియోలో చూసినట్టే గొట్టం ఒక కొస బండికి బిగించి, రెండో కొస గుంతలోకి దించి, మీట లాగారు. బండి దగ్గర బిగింపు ఊడింది. ఆయన తెల్లబూట్లు ఇక తెల్లగా లేవు.

"జర బోరింగు కాడికి పో, నాయినా," అంది అవ్వ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

అంతా కడిగాక, మొహమాటంకొద్దీ ఆమెను బండిలోకి కాఫీకి పిలిచాను. మెట్టెక్కి పొయ్యి చూసింది. పొయ్యిని ఆనుకునున్న తలుపు చూసింది.

"గా దర్వాజెనక ఏమున్నది?"

చెప్పాను. ఎక్కిన మెట్టు దిగిపోయింది.

"నువ్వే మా ఇంట్లకు రా బిడ్డా. చాయ్ నేను పెడ్త."

బయల్దేరేటప్పుడు నా ఒళ్లో జామకాయలు పోసి, చెయ్యి పట్టుకుని ఆపింది.

"గివి బండ్ల పెట్టకుండ్రి. ఈడ్నే తిని పోండ్రి."