మామగారి దుప్పటి

ఆ ఇంటి కోడలు పొద్దున్నే మామగారి దుప్పటి పట్టుకుని కుళాయి దగ్గరికి చేరుతుంది. ముందు చన్నీళ్ళలో జాడించి, సబ్బునీళ్ళలో నానబెట్టి, బండకేసి బాదుతుంది. తడిసిన దుప్పటి గున్న ఏనుగంత బరువు. ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస ఒంటరిగా మెలితిప్పి పిండేసరికి భుజాలు పడిపోతాయి. అంతకంటే మామగారి బుకాయింపులకే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఒకనాడు పిల్లి తడిపిందంటారు, ఇంకోనాడు కిటికీలోంచి జల్లు కొట్టిందంటారు.

"మండుటెండల్లో జల్లేంటి మామయ్యా! పరుపు మీద రబ్బరు గుడ్డ వేయనివ్వండి, మీకు పుణ్యముంటుంది."

"నేనేమైనా పసిపిల్లాణ్ణా?" అని గోడవైపు తిరిగి పడుకుంటారు.

మొన్న ఆడపడుచు వచ్చింది. తండ్రి మంచం మీద కూర్చోబోయి చటుక్కున లేచి, "ఏంటి వదినా, పక్కంతా తడిగా ఉంది?" అంది. మామగారు తల దించుకున్నారు. ఆయన దుప్పటి కొస లాగి తడి మీద కప్పబోవడం కోడలి కంటబడింది.

"నేనే. మంచినీళ్ళు ఇస్తూ గ్లాసు ఒలకబోశాను" అంది.

ఆయన తల ఎత్తారు. "ఎన్నిసార్లు చెప్పినా అంతేనమ్మా! మీ వదిన చేతిలో ఏదీ నిలవదు" అన్నారు కూతురితో, నిట్టూరుస్తూ.

కోడలు పళ్ళు నూరుకుంది. "అవును మామయ్యా, నాదే బుద్ధితక్కువ. కాస్త లేవండి" అని దుప్పటి లాగి చంకన పెట్టుకుంది.