శ్యామ్‌సుందర్ గుర్తుపట్టిన గాటు

ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున పదకొండు గంటలకు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, శ్యామ్‌సుందర్ తను అమ్మే రికార్డుల్లో ఒకదాని మీద కూలబడ్డాడు. ఎండకు మెత్తబడి ఉండటం వల్ల అది విరగలేదు. ఆయన లేచేసరికి చిన్న పళ్లెంలా తయారైంది. రెండుసార్లు తిప్పి చూసి, కవర్లో పెట్టి, దొంతరలో అడుగుకు తోశాడు.

కూలబడటానికి కారణం పక్కన ఆగిన ఆటోలో మోగుతున్న పాట.

శ్యామ్‌సుందర్‌కు అరవై ఒకటి. వారంలో ఆరు రోజులు నాంపల్లి కోర్టు ఎదుట బల్ల వేసుకుని అఫిడవిట్లు టైపు చేస్తాడు. ఆదివారం పుస్తకాలవాళ్ల పక్కన గొడుగు పాతుకుని పాత గ్రామఫోన్ రికార్డులు అమ్ముతాడు. వారమంతా ఊరివాళ్ల ప్రమాణాలు టైపు చేసే మనిషి ఎవరి మాటా నమ్మకపోవడంలో వింతేమీ లేదు. చాయ్‌లో పాలను తాగకముందే అనుమానిస్తాడు. టైమెంతో చెబితే ఇంకొకరిని అడిగి సరిచూసుకుంటాడు. నన్ను ఇరవై ఏళ్లుగా ఎరుగును. అయినా రికార్డు చేతికిచ్చే ముందు, ఎక్కడ గీతలు పడతాయోనని ఇప్పటికీ నా గోళ్లు చూస్తాడు.

ఆ పాట పేరు ‘కూలర్ ముందర’. ఆ ఎండాకాలం కోసం హాసిని అనే నాంపల్లి అమ్మాయి కట్టి పాడింది. డెబ్బైల నాటి డిస్కో దరువు, దాని మీద అమెరికా సోల్ పాటగాళ్లలా గుండెలోంచి సాగదీసే గొంతు. బట్టల దుకాణాల్లో పెట్టారు, ఆటోల్లో పెట్టారు. మొదటి వారం అందరూ బాగుందన్నారు. రెండో వారం, ఇంత బాగుందేమిటి అన్నారు. మా గన్‌ఫౌండ్రీ ఆఫీసులో టిఫిన్ డబ్బాల దగ్గర ఒకాయన, ఇరవై మూడేళ్ల పిల్లకు ఇంత పాత పాట ఎక్కడిది అని గట్టిగానే అడిగాడు.

పల్లవి మళ్లీ అందుకునే ముందు వాయిద్యాలన్నీ ఆగుతాయి. ఆ ఖాళీలో పాత రికార్డు గరగర వినిపిస్తుంది. అందులో ఒక టిక్. కాస్త ఆగి, టిక్‌టిక్.

"గా గాటు నాది!" అన్నాడు శ్యామ్‌సుందర్, పళ్లెం సంగతి మరిచిపోయి.

పదేళ్ల కింద గాలివానకు ఆయన గొడుగు ఊచ ఊడి ఒక ఫారిన్ రికార్డు మీద పడింది. అంచు నుంచి మధ్యదాకా మూడు గాట్లు. లేబుల్ వానకు కొట్టుకుపోయింది; అది ఎవరి రికార్డో ఎవరికీ తెలియదు. ఆ టిక్కును మాత్రం ఆయన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు.

"అయితే ఏమంటావు?" అన్నాను.

"ఏమంటా సార్! గా రికార్డులకెల్లి పాట లేపింది, మన మాటలు పెట్టింది. గాటు తుడుసుడు మర్సిపోయింది."

మధ్యాహ్నానికల్లా పాట కింద కామెంటు పెట్టాడు: ‘ఇది దొంగ పాట. అసలు రికార్డు నా వద్ద కలదు.’ సాయంత్రానికి పద్నాలుగు వందల మంది లైక్ కొట్టారు. అందులో ఒకటి నాది. చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను.

బుధవారం హాసినికి ఫోనొచ్చింది. మే నెలలో ఒక హోటల్ మేడ మీద ఆమె మొదటి కచేరీ. ఈ దొంగ మాట సంగతి సోమవారంలోగా తేల్చుకోకపోతే వేరేవాళ్లను పిలుచుకుంటామన్నారు హోటలువాళ్లు.

ఇటు శ్యామ్‌సుందర్ ఇంట్లో మంచం కింది ట్రంకు పెట్టెలన్నీ హాల్లోకి వచ్చాయి. రికార్డు మాత్రం రాలేదు.

"పిల్లను దొంగన్నవు. ఏది మరి, సూపియ్యి," అంది భార్య నళిని.

"ఎవడో ఎత్తుకపోయిండు."

"ఔ. ఎవ్వలు కొనని రికార్డు ఎత్తుకపోయెటోడు ఎవడయ్యా?"

అప్పుడాయన తన వంక కూడా అదోలా చూశాడని నళినమ్మే నాతో చెప్పింది.

ఆదివారం హాసిని తనే ఫుట్‌పాత్‌కు వచ్చింది.

"కామెంటు పెట్టింది మీరేనా అంకుల్?"

"నేనే. ఏంది?"

జనం మూగారు. ఆ పిల్ల సంచిలోంచి లేబుల్ లేని రికార్డు తీసింది. శ్యామ్‌సుందర్ లాక్కుని ఎండకు ఏటవాలుగా పట్టాడు. మూడు గాట్లు.

"గిదే! సూడున్రి, సామానుతోటి దొరికింది!"

"జర పెట్టుండ్రి అంకుల్," అంది హాసిని.

బ్యాటరీ ప్లేయర్ మీద పెట్టాడు. రికార్డులో ఎవరో పెద్దాయన చర్చి పాటేదో నెమ్మదిగా, టిక్కుల మధ్య పాడుకుపోయాడు. దరువు లేదు, డిస్కో లేదు. అయిపోయేదాకా అందరం ఎండలో నిలబడి విన్నాం. రెండో పాటకు ముందు ఖాళీ వచ్చింది. టిక్. టిక్‌టిక్.

"గంతే తీస్కున్న. పాట నాదే. పాతగ వినబడాల్నని గీ సప్పుడు పెట్టిన. పోయిన వానకాలం మీరే ఇచ్చిన్రు గదా. ఎవ్వలు కొంటలేరు, ఉత్తగనే తీస్కపో బిడ్డా అన్నరు."

శ్యామ్‌సుందర్ ఆమె గోళ్లు చూశాడు. "ఆ దినం గొడుగు తెచ్చినవా?"

"తెచ్చిన."

"నల్లదా?"

"నీలంది. మీ మీద కూడా పట్టిన."

ఆయన మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. పక్కన పుస్తకాల మొగులయ్య ఊరుకుంటాడా? "శామన్నా, గాటు దొరికింది. దొంగెవలు మరి?"

సోమవారం కోర్టు తెరవకముందే స్టాంపు కాగితం మీద టైపు చేశాడు: ‘శ్యామ్‌సుందర్ అను నేను, వయస్సు అరవై ఒకటి, ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, సదరు పాట సదరు హాసినిదే. గాటు మాత్రము నాది. సదరు గాటును నేనే ఉచితముగా ఇచ్చి మరచితిని.’ దాన్ని ఫోటో తీసి పాట కింద పెట్టాడు. హోటలువాళ్లు చదివి కచేరీ ఖాయం చేశారు. ఆ కాగితానికి మాత్రం లైకులు నలభై కూడా రాలేదు. నేనూ ఒకటి కొట్టాను. మొదటిది ఎలా తీసేయాలో మాత్రం నాకింకా చేతకాలేదు.

కచేరీ అయిన మర్నాడు, ఆదివారం, హిమాయత్‌నగర్ జగన్మోహనరావు గారు ఒక రికార్డు పట్టుకొచ్చారు. "ఏవండీ శ్యామ్‌సుందర్ గారూ, మొన్న మీరిచ్చిన దాంట్లో గాటుందండీ. పెట్టగానే టిక్కుటిక్కుమంటోంది, మా ఇంట్లో వాళ్లంతా నవ్వుతున్నారు."

"గాటుకైతే నాది గ్యారంటీ సార్, పాటకే నేను జిమ్మేదార్ కాను," అన్నాడు శ్యామ్‌సుందర్.