పట్టుచీరల బ్యాంకు

అక్షరం ముక్క రాని ఆ రోజుల్లో గోదావరిఖని బజారులో బోర్డులన్నీ నాకు రంగులే. ఎర్రటిది మందుల దుకాణం, పచ్చటిది ఎరువులది, నీలంది బ్యాంకు. మా ఆయన గని జీతం పడే ఆ నీలం బోర్డు కిందికి పోయి వేలిముద్ర వేయడం, ఆ సిరాను కొంగుకు తుడుచుకోవడం, ఇదీ నా వరస. (నా చీరలన్నిటికీ కొంగు మూలన ఒక మచ్చ ఉండేది. కొత్తవాళ్లు డిజైన్ అనుకునేవారు.) ఒకసారి బ్యాంకువాళ్లు చెప్పాపెట్టకుండా బోర్డు రంగు మార్చేశారు. నేను పాస్‌బుక్కు పట్టుకుని పోయి పక్కనున్న పెయింట్ల దుకాణంలో వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక ఆ దుకాణదారు ఎన్ని లీటర్లు కావాలని అడిగాడు.

నలభై మూడో ఏట మా కాలనీ హాల్లో పెద్దవాళ్ల బడి పెడితే చేరాను. కూడబలుక్కుని నేను బజారులో చదివిన మొదటి మాట 'బ్యాంకు'. ఆ య వత్తు, పక్కన సున్నా, అన్నీ కలిసి ఒక మాటగా నోట్లోకి వచ్చేసరికి నడిరోడ్డు మీద నిలబడి గట్టిగా చదివాను. వెనక ఆటో హారన్ కొడుతున్నా జరగలేదు.

ఇక నా చీరల దుకాణం సంగతి. మా క్వార్టర్లలో ఎవరింట్లో పెళ్లయినా అందరం పోవాలి, అందరి చీరలూ అందరికీ తెలుసు. "అక్కా, గీ నెమలి రంగు చీర నిరుడు గూడ వచ్చింది గదా" అని చీరనే పలకరించేవాళ్లు. అందుకని తలా ఒక పట్టుచీర తెచ్చి మా ముందు గదిలో బీరువాలో పెట్టుకున్నాం. ఒకటి పెట్టినవాళ్లు ఇంకొకటి కట్టుకుపోవచ్చు, బయటివాళ్లకైతే కిరాయి. పెట్టడం, తీసుకోవడం, ఇది బ్యాంకు కాక మరేమిటి? రేకుకు తెల్లరంగు వేసి, మూడు రోజులు కూర్చుని నా చేత్తో నీలం రంగుతో రాశాను: పట్టుచీరల బ్యాంకు. చివరికొచ్చేసరికి చోటు చాలక 'కు' బక్కచిక్కిపోయింది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన బోర్డును పైకీ కిందికీ చూసి, "ఇగ నాకు లోన్ ఇస్తవా?" అన్నాడు.

"నాగాలు లేకుండ డ్యూటీకి పో, చూద్దాం."

దుకాణం పేర ఖాతా తెరుద్దామని ఆ అసలు బ్యాంకుకే పోయాను. మేనేజరు చిన్న వయసు అమ్మాయి, హైదరాబాద్ నుంచి వచ్చింది. ఫారం చూసి కలం కింద పెట్టేసింది.

"ఈ పేరుతో కుదరదమ్మా. బ్యాంకు కానివాళ్లు వ్యాపారం పేరులో బ్యాంకు అన్న మాట వాడకూడదు. చట్టం ఒప్పుకోదు."

"మాటకు గూడ కాపలా ఉంటదా బిడ్డా?"

"ఈ మాటకుంది."

"మరి దవాఖానల బ్లడ్ బ్యాంకు లేదా? రక్తానికున్న ఇజ్జతు పట్టుచీరకు లేదా?"

ఆమె నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు తాగింది. "అక్కడ సొత్తు దాచుకుందామని ఎవరూ రారు కదమ్మా. మీ బోర్డు నమ్మి ఎవరైనా వస్తే?"

"మా బీరువాకు తాళమే సక్కగ పడది. ఎవలొస్తరు?"

మా ఆయన సలహా మీద మర్నాడు పోయి 'ట్రస్టు' అని పెట్టుకోనా అని అడిగాను. దానికి రిజిస్టరు చేసిన పత్రం ఉండాలంది. మంచి మాటలన్నీ ఎవరో ముందే రుమాలు వేసి ఆపుకున్నారని తెగ కోపం వచ్చింది. ఖాతా లేకపోతే మానె, బోర్డు మాత్రం దించనన్నాను. నలభై మూడేళ్లకు వచ్చిన అక్షరాలు. అందులో మొదటి మాటనే చెరిపేయమంటే ఎలా?

ఎండలు మండిపోతున్న ఒక మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. నస్పూర్ నుంచి మనుమరాలి ఇంటికి వచ్చిందట. కొంగుముడి విప్పి రెండు వెండి కడియాలు నా ముందు పెట్టి, బొటనవేలు చాపింది.

"ఏలుముద్ర యాడెయ్యాలె బిడ్డా? ఇంట్ల ఉంచితే కొడుకులు కొట్లాడుకుంటరు. నీ బ్యాంకుల పెట్టు."

"అవ్వా, ఇది గసొంటి బ్యాంకు గాదు. చీరలు కిరాయికిచ్చే దుకాణం."

"మా మనుమరాలు సదివింది. బోర్డు మీద ఉన్నదట గదా?"

"ఉన్నది. గది నేను రాసిందే."

"రాసినవంటే నిజమే గదా! అబద్ధం ఎవలన్న రాస్తరా?"

నలభై మూడేళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఆ చాపిన వేలు చూస్తుంటే నా కొంగు మచ్చలన్నీ గుర్తొచ్చాయి. అవ్వను ఆటో ఎక్కించి అసలు బ్యాంకుకు తీసుకుపోయాను. మేనేజరు అమ్మాయి కుర్చీ వేసి లాకరు సంగతి ఓపికగా చెప్పింది. అవ్వ అంతా విని, కడియాలు కాళ్లకు తొడుక్కుంది.

"గీ పిల్లెవలో నాకెర్కలేదు. నువ్వైతే నీ శేతితోని రాసినవు" అని నా మీద అలిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తెల్లరంగు డబ్బా తీశాను. నిచ్చెన పట్టుకున్న మా ఆయన, "ఇంకోపారి ఆలోచించరాదూ" అన్నాడు. నాకంటే అతనికే ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. "నిచ్చెన గట్టిగ పట్టు" అన్నాను. 'బ్యాంకు' మీద తెలుపు పూసి, ఆరాక 'దుకాణం' అని రాశాను. ఈసారి చోటు సరిపోయింది. ఖాతా కూడా తెరిచారు. సంతకం పెట్టాను.

కానీ అప్పుడు నీలం మరీ మందంగా పూశానేమో, తెలుపు కింద ఆ అక్షరాలు ఇప్పటికీ ఉబ్బెత్తుగానే ఉన్నాయి. మా ఊళ్లో బొగ్గు దుమ్ముకు కొదవ లేదు కదా, వారం తిరిగేసరికి ఆ అంచుల మీద చేరి, బక్క 'కు'తో సహా నల్లగా తేలుతుంది పాత మాట. ఏ అవ్వ మనుమరాలైనా చదివేలోపే తడిగుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కుతాను. తుడిచే ముందు మాత్రం, వెనక ఎవరు హారన్ కొట్టినా సరే, ఒక్కసారి పైకి చదువుకుంటాను.