చిన్నాయన తూకం

మా చిన్నాయన పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఏ వస్తువైనా కొనే ముందు అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు తూచేవాడు. ఆయన జేబులో రెండు మడత పనిముట్లు ఉండేవి, ఒకటి తేలికది, ఒకటి బరువుది. కత్తి, స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్ రెండింటిలోనూ ఇమిడి ఉండేవి.

"తేల్కది జేబుకు సుఖం. బరువుది నాలుగు కాలాలు ఉంటది" అనేవాడు.

తెలంగాణ ఉద్యమంలో స్టేషన్ ఘన్‌పూర్ రైలు పట్టాల మీద కూర్చోవడానికి వెళ్లిన రోజు పోలీసులు అందరి జేబులూ తడిమారు. తేలికదాన్ని వదిలేసి, బరువుదాన్ని ఆయుధమని తీసుకున్నారు. తర్వాత ఒక మోటారు బోల్టు బిగిస్తుంటే తేలికదాని నోరు విరిగింది. పని ఆగింది. అక్కడ రైతు పొలం ఎండుతోంది.

నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లాడు. పొద్దంతా కూర్చోబెట్టాక జవాను ఆ రోజు జనం దగ్గర తీసుకున్న వస్తువుల సంచి కుమ్మరించి, మెరుస్తున్న కొత్త మడత పనిముట్టొకటి ఆయన చేతిలో పెట్టాడు. చిన్నాయన కళ్లు మూసుకున్నాడు.

"గిది నాది కాదు సార్. నాది ఇంక జర బరువుంటది."

"నీది దొరుకుతలేదు. గిది మంచిగనే ఉంది కద, తీస్కపో."

"దీని మనిషి కూడ వస్తడు కద సార్" అని దాన్ని బల్ల మీద పెట్టి లేచాడు.

బస్సులో నాకు కోపం ఆగలేదు. "రేపు మోటర్ ఎట్ల చేస్తవు?" అని అడిగాను.

"ఎవలనన్న అడిగి తెస్త బిడ్డా. జరసేపు పండనియ్యి" అన్నాడు.

ఆయన తల నా భుజం మీదికి వాలింది. ఊరొచ్చినా లేపబుద్ధి కాలేదు.