కొత్త వల మీద చెప్పులు

అరవైల మొదట్లో, పెళ్లయిన ఏడాదే, సముద్రం చూడాలని నేనే గొడవ చేశాను. సంగం పక్కన వరి మళ్ల మధ్య పెరిగినదాన్ని, పెన్న తప్ప వేరే నీళ్లు ఎరగను. నెల్లూరు టౌనులో బడిపంతులు మా ఆయన. అల్లూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి బాడుగ ఎడ్లబండిలో తీసుకుపోయాడు. ఒడ్డున సర్విచెట్ల తోటలు దాటగానే అంతా నీళ్లే. తీరం వెంబడే చాలాసేపు పోయాం.

పొద్దెక్కేసరికి జాలరుల పాత ఊరొకటి తగిలింది. తాటాకు గుడిసెలన్నీ సముద్రం వైపే వాకిళ్లు పెట్టుకుని ఉన్నాయి. తాతల నాటి ఊరని మా ఆయన పాఠం మొదలుపెట్టాడు. నేను వినడం మానేసి, అలల వంకే చూస్తూ ఒడ్డుకు నడిచాను. దారిలో ఒక వల పరిచి ఉంది. కొత్త చెప్పులు టపటపలాడించుకుంటూ దాని మీదుగానే పోయాను.

"అమ్మా, ఆగు" అంది వెనక నుంచి ఒకామె.

అది కొత్త వల. పాతది గాలివానకి పోతే, మొగుడూ పెళ్లామూ నెలల తరబడి కూర్చుని అల్లుకున్నారట. అంతదాకా అతను ఇంకొకరి తెప్ప మీద కూలికి పోయాడు. ఆ పొద్దున గంగమ్మకు మొక్కి, వలకు పసుపు కుంకుమ పెట్టి, మొదటిసారి నీళ్లలోకి తీసుకుపోబోతున్నారు.

"చెప్పుకాళ్లతో తొక్కినావే తల్లీ" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పసుపు నీళ్లు తెచ్చి నేను నడిచిన చోటల్లా చల్లింది. మొగుడితో, "ఈ పొద్దు వద్దు. రేపు పోదువులే" అంది.

అతనూ సరేననబోయాడు. మా ఆయన ఊరుకోవచ్చు కదా. నవ్వుతూ, "ఏమయ్యా, మా ఆవిడ చెప్పులకు సముద్రంలో చేపలు బెదిరిపోతాయా?" అన్నాడు. జాలరి ముఖం మాడిపోయింది. వల తెప్పకెత్తి, తమ్ముణ్ణి పిలుచుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఒడ్డునే కూలబడింది. అతను తిరిగొచ్చేదాకా కదలనని నేనూ కూర్చున్నాను. మా ఆయన విసుక్కున్నాడు. ఈయనే పెళ్లయిన కొత్తలో చెప్పులతో మా కళ్లంలో కాలు పెడితే, అల్లుడని కూడా చూడకుండా మా నాయన బయటికి నడవమన్నాడు. అప్పుడు మా నాయన వైపే ఉన్నాను నేను. ధాన్యమైతే తెలిసింది, వలైతే తెలియలేదు. ఆ మాట అనుకునేకొద్దీ నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. పెద్ద అల వచ్చినప్పుడల్లా ఆమె లేచి నిలబడేది. ఆమెతోపాటు నేనూ లేచేదాన్ని. అతనికేమన్నా అయితే ఆమె ముఖం ఎలా చూడను? పొద్దు వాలుతుండగా తెప్ప కనబడింది. అన్నదమ్ములిద్దరూ దిగారు. వల చినగలేదు. అందులో పడింది మాత్రం గుప్పెడు చిన్నచేపలు.

ఆమె వాటిని తాటాకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

"కొత్త వలలో మొదట పడింది అమ్ముకోమమ్మా. ఎవురికన్నా పెట్టేస్తాం. పొద్దుననంగా కూచున్నావు, నువ్వే తీసుకో."

వద్దనలేకపోయాను. బండి ఎక్కుతుంటే మెల్లగా అంది, "ఇంకోసారి వస్తే చెప్పులు బండిలోనే ఇడిచి రా తల్లీ."

మళ్లీ వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు.