పంది గొంతుకు పేరు వెయ్యాల్సిందే

సినిమాల్లో పసిపిల్లలు ఏడుస్తారు చూడండి, ఆ ఏడుపుల్లో సగం ఆవిడవే. అందుకే డబ్బింగ్ థియేటర్లో అందరూ ఆవిడను ఏడుపుల అత్తయ్య అంటారు. పసిబిడ్డలే కాదు, కుక్కలు, మేకలు, కోతులు, ఒకసారి జలుబు చేసిన ఏనుగు కూడా ఆవిడ నోటితోనే పలికాయి. పెళ్లయిన కొత్తలో ఈ పనిలో చేరింది, ఇప్పుడు తల నెరిసింది. ఇన్నేళ్లలో తెరమీద ఆవిడ పేరు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా పడలేదు. టీలు అందించినవాళ్ల పేర్లు పడ్డాయి. కార్లు తోలినవాళ్ల పేర్లు పడ్డాయి. ఆఖరికి మేక పేరు కూడా పడింది గానీ, దానికి గొంతిచ్చిన మనిషి పేరు పడలేదు. ఇదేం న్యాయమో ఆ దేవుడికే తెలియాలి!

ఈసారి వచ్చింది ఇంటిల్లిపాదీ నవ్వుకునే సినిమా. మూడో అంతస్తు ఫ్లాట్లో ఒక కుటుంబం పందిపిల్లను తెచ్చి పెంచుకుంటుంది. అది పెరిగి పెరిగి చివరికి లిఫ్టులో పట్టదు. హీరోకన్నా పందికే పెద్ద వేషం. కథంతా విని అత్తయ్య ఒకే మాట అంది.

"చేస్తా బాబూ. నా పేరు పడాలి."

"దానిదేముందత్తయ్యా, వేసేద్దాం," అన్నాడు దర్శకుడు.

ఆ మాట ఇంట్లో చెప్పడమే ఆవిడ చేసిన పొరపాటు. భర్త నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా సంగతి ఆయన అన్నగారి చెవిన పడింది. బావగారు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఇంట్లో టీవీ కట్టేస్తారు. వచ్చీరాగానే మొదలుపెట్టారు.

"చూడమ్మా, ఇన్నాళ్లూ గుట్టుగా చేసుకున్నావు, సరే. ఇప్పుడు పంది అని రాసి, పక్కన మన ఇంటిపేరు వేస్తారా? మేం నలుగురిలో తలెత్తుకు తిరగొద్దూ?"

"నా గొంతు పెట్టుకున్నందుకు ఆ పందే సిగ్గుపడట్లేదు బావగారూ, మీకెందుకు?"

భర్త అటు అన్నగారినీ ఇటు భార్యనూ చూసి గోడమీద పిల్లిలా ఉండిపోయాడు.

పంది గొంతు కుర్చీలో కూర్చుంటే రాదు. పొట్ట కిందికి వేలాడాలి, ఊపిరి లోపలికి లాగుతూ అరవాలి. అందుకని అత్తయ్య నడుముకు తువ్వాలు బిగించి, చాపమీద మోకాళ్లూ చేతులూ ఆనించి, మైకును తన మూతి దగ్గరకు దింపించుకుంటుంది. చివరి రీలు రోజున అలాగే ఉంది. తెరమీద పందిని లారీ ఎక్కిస్తున్నారు, అది పిల్లలవైపు తిరిగి చూస్తూ ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే రికార్డింగు గది అద్దం అవతలికి బావగారు వచ్చారు, వెనకాలే భర్త. చేతులమీదా మోకాళ్లమీదా ఉన్న మరదలిని చూశారు. మరుక్షణం తలుపు తోసుకుని లోపలున్నారు.

"లేమ్మా! ముందు లే! పరువంతా మంటగలిపావు!"

అత్తయ్య లేవలేదు. తల తిప్పలేదు. లారీ మలుపు తిరిగేదాకా ఏడ్చి, అప్పుడు కిందినుంచే చూసింది.

"మీ అరుపు కూడా మైకులో పడింది. మళ్లీ చెయ్యాలి. బయట నిలబడండి."

దర్శకుడు నసిగాడు. "అత్తయ్యా, పొద్దున పెద్దాయన నిర్మాతకు ఫోన్ చేశారట. ఇంట్లో గొడవలెందుకు... పేరు బదులు 'ఒక గృహిణి' అని వేద్దామా?"

ఆవిడకు ఒళ్లు మండింది. "అరిచింది గృహిణి కాదు బాబూ, నేను! పేరు వెయ్యనంటే చెప్పు, ఈ ఏడుపు ఇంటికి పట్టుకుపోతా. మీ పంది మూగగా లారీ ఎక్కుతుంది."

దర్శకుడు తెరను చూశాడు, బావగారిని చూశాడు. "వేస్తానత్తయ్యా, ఒట్టు."

బావగారు విసవిసా వెళ్లిపోయారు. భర్త ఆయన వెంట గుమ్మందాకా వెళ్లి, ఆగి, వెనక్కొచ్చి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి చాప పక్కన పెట్టాడు. అత్తయ్య తాగి, మళ్లీ మొదటినుంచి ఏడ్చింది.

సినిమా వచ్చింది. మనవలు గోలపెట్టడంతో బావగారికీ రాక తప్పలేదు. పంది లారీ ఎక్కినప్పుడు ఆయన ముక్కు చీదడం వెనక వరుసలో ఉన్న అత్తయ్యకు స్పష్టంగా వినిపించింది. కథ అయిపోయి పేర్లు మొదలవగానే జనమంతా లేచి నిలబడ్డారు. బావగారి వీపు తెరకు అడ్డంగా లేచింది. అత్తయ్య మెడ అటు చాచింది, ఇటు చాచింది. ఎటు చూసినా వీపులే. ఇన్నేళ్లు ఎదురుచూసింది వీపులు చూడటానికా! ముందు కుర్చీ పట్టుకుని వంగి, ఊపిరి లోపలికి లాగి, ఆ లారీ ఏడుపు మొత్తం హాల్లోకి వదిలింది.

జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కొందరు కుర్చీల కింద వెతికారు. బావగారు గిర్రున వెనక్కి తిరిగారు.

"కూర్చోండి బావగారూ," అంది అత్తయ్య, హాలంతా వినబడేలా. "నా పేరొస్తోంది."

బావగారు కూర్చున్నారు.