మునగ విత్తనాలు

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది. రియాద్ దగ్గర సులైలో మా గోడౌన్ మెకానిక్ జోసెఫ్‌ది కెన్యా. వాళ్ల ఊరి చర్చి ఒక బడినీ, ఆ పిల్లల భోజనం కోసం ఒక పొలాన్నీ నడిపేది. నేను సెలవు మీద ఇంటికి బయల్దేరుతుంటే, "బ్రదర్, ఆ పొలంలో వేయడానికి మీ మునగ విత్తనాలు తెస్తారా?" అని అడిగాడు.

ఆవకాయ తెచ్చుకున్నాను గాని విత్తనాలు మరిచిపోయాను. మొహం చెల్లక, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు తీసేసుకున్నాడని అబద్ధమాడాను.

"పోనీలెండి బ్రదర్. శుక్రవారం మా గదికి రండి."

అక్కడ ఆదివారం పనిరోజు, పైగా చర్చిలు నిషేధం. అందుకే వాళ్ల ప్రార్థన శుక్రవారం, తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి. చివర్లో జోసెఫ్, "ప్రభువా, ఆ విత్తనాలు ఆ ఆఫీసరు పెరట్లోనైనా మొలవనీ. ఆయన పిల్లలు కడుపునిండా తిననీ" అన్నాడు.

అందరూ మెల్లగా ఆమెన్ అన్నారు. నిజం చెప్పాల్సిన నోటితో నేనూ అన్నాను.